మూడో ప్లగ్గు: గ్రానైట్ దుమ్ములో తిరిగిన ఒక పాత పికప్ కేసు

సిలిండర్‌లో ఇంధనాన్ని రవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్గులు మార్చడమంటే మా పనిలో అరగంట లెక్క. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి ఆయిల్ మార్చడం తర్వాత నేర్పేది అదే. ఈ బండికి మాత్రం ఆ అరగంట పని మూడు రోజులు పట్టింది. అందులో ఒక పూట పూర్తిగా నా పొరపాటు వల్లే పోయింది. బండి నంబరు, మోడలు, యజమాని ఊరు రాయడం లేదు. పనికి సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేపథ్యం

మా షెడ్డు ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు ఉంది. అదే రోడ్డున ఇరవై కిలోమీటర్లు దాటితే చీమకుర్తి. నల్లటి రాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైట్ అక్కడి క్వారీలదే. రాయి చూడటానికి ఎంత బాగుంటుందో దాని పొడి బండ్లకు అంత చేటు. కోత మిషన్ల దగ్గర నీళ్లతో కలిసి బూడిదరంగు బురదగా పారుతుంది. ఎండాక లారీ టైర్ల కింద నలిగి మళ్లీ గాల్లోకి లేస్తుంది. అటు తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్ విప్పితే ఏ రోడ్డు బండో చెప్పక్కర్లేదు.

ఈ పికప్ పాలిషింగ్ యూనిట్లకు ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు వేస్తుంది. మా వైపు పికప్‌లు ఎక్కువగా డీజిల్‌వి, వాటికి స్పార్క్ ప్లగ్గుల గొడవే ఉండదు. ఇది పెట్రోల్, సీఎన్‌జీ రెండింటి మీదా నడిచేది. నాలుగు సిలిండర్లు, పన్నెండు వందల సీసీ, సిలిండర్ల మీద మూతలా ఉండే అల్యూమినియం హెడ్, ప్లగ్గుకు హై వోల్టేజి ఇచ్చే కాయిల్ సిలిండర్‌కొకటి. ఇంజన్ సీటు కిందే ఉంటుంది. మీటరు లక్షా నలభై వేలు దాటింది. నడిపే కుర్రాడే యజమాని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ప్లగ్గులు ఎప్పుడు మార్చారని అడిగితే, "నాకు తెలిసి మార్చలేదన్నా, ఒకసారి తీసి రుద్ది పెట్టారు" అన్నాడు. ఆ 'రుద్ది పెట్టారు' అన్న మాట నేను అప్పుడే పట్టుకోవాల్సింది.

వచ్చిన సమస్య

"పికప్ లేదన్నా" అన్నాడు. పికప్‌కే పికప్ లేదంటే మా కుర్రాళ్లు నవ్వారు. అతను నవ్వే స్థితిలో లేడు. లోడుతో ఎత్తు ఎక్కితే బండి ఎగిరెగిరి పడుతోంది. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఆ లైటు నిలకడగా వెలగడం వేరు, మిణుకుమనడం వేరు. మిణుకుమంటోందంటే మండని ఇంధనం సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండే ప్రమాదం ఉన్నట్టు. ఆ స్థితిలో లోడుతో తిప్పకూడదు. అతను పది రోజులుగా తిప్పుతున్నాడు.

నడిపి చూశాను. పెట్రోల్ మీద ఖాళీగా ఉంటే బాగానే ఉంది, గట్టిగా తొక్కితే కొంచెం తడబడుతోంది. గ్యాస్‌కి మార్చగానే మిస్సింగ్ స్పష్టంగా తెలిసింది. ఈ తేడా చాలామంది గ్యాస్ కిట్ మీదకు నెడతారు. అంతకుముందు చూపించిన చోట గ్యాస్ ఫిల్టర్ మార్చి డబ్బు తీసుకున్నారు కూడా. నాకు మొదట వచ్చే అనుమానం ఇగ్నిషన్ మీద. పెట్రోల్‌తో పోలిస్తే సీఎన్‌జీని అంటించడానికి ప్లగ్ గ్యాప్‌లో, అంటే కొన దగ్గర రవ్వ దూకే సందులో, ఎక్కువ వోల్టేజి కావాలి. లోడు పెరిగి సిలిండర్‌లో ప్రెషర్ పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ కావాలి. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగిందంటే ఆ బలహీనత ముందు గ్యాస్ మీద, లోడులో, ఎత్తులో బయటపడుతుంది. స్కానర్ పెడితే మూడో సిలిండర్ మిస్‌ఫైర్ అని పీ0303 వచ్చింది.

పోయిన పూట

మూడో కాయిల్ తీసి ఒకటికి, ఒకటోది మూడుకి మార్చాను. మిస్సింగ్ కాయిల్ వెంట ఒకటికి పోతే కాయిల్ చెడినట్టు, మూడులోనే ఉంటే ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. ఇది అందరూ చేసేదే. ఇక్కడ ఫలితం రెండూ కాకుండా వచ్చింది. మూడులో మిస్సింగ్ అలాగే ఉంది, ఒకటిలో కొత్తగా మొదలైంది.

నేను ఇక్కడే దారి తప్పాను. రెండు సిలిండర్లు మిస్ అవుతున్నాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పాడయిందనుకున్నాను. గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెడ్యూసర్, వైరింగ్, ఎర్త్ పాయింట్లు చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. అన్నీ బాగున్నాయి. అన్నం తిని వచ్చి, మూడు నుంచి ఒకటికి మార్చిన కాయిల్‌ను బల్ల మీద పెట్టి, కింది రబ్బరు బూటు లోపలికి టార్చి వేశాను. లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత ఉంది. కరెంటు గ్యాప్‌లో దూకలేక ప్లగ్గు పింగాణీ పక్కనుంచి కిందికి దిగిపోయిన జాడ అది. ఒకసారి ఆ దారి పడితే మళ్లీ మళ్లీ అదే దారిన పోతుంది. అంటే తప్పు రెండు చోట్ల ఉంది. మూడో హోల్‌లో ప్లగ్గు చెడింది. దాని వల్ల బూటు కూడా చెడింది. చెడిన బూటు కాయిల్‌తో పాటు ఒకటికి వెళ్లింది, చెడిన ప్లగ్గు మూడులోనే ఉండిపోయింది. ఉమ్మడి తప్పు ఏమీ లేదు. కాయిల్ చేతిలోకి తీసుకున్నప్పుడే బూటు లోపల చూసి ఉంటే ఆ పూట మిగిలేది.

ఈ సందర్భంలో ఇంకో మాట. ప్లగ్గు తీశాక పింగాణీ మీద, ఇనుప షెల్ పైన, గోధుమరంగు చార కనిపిస్తే గ్యాస్ లీకవుతోందని చాలామంది భయపడతారు. అది గాల్లోని నూనె తుంపర హై వోల్టేజి వల్ల పింగాణీకి అతుక్కున్న మరక, దానితో నష్టం లేదు. నిలువుగా ఉన్న నల్లగీతను చూసి భయపడాలి.

విప్పే ముందు

ప్లగ్గులు విప్పడానికి సిద్ధమయ్యాం. గ్యాస్ బండి కాబట్టి సిలిండర్ వాల్వ్ ముందు మూశాం. లైన్‌లో మిగిలింది ఇంజన్ నడిపి ఖాళీ చేసి, షట్టర్లు పూర్తిగా ఎత్తి, బ్యాటరీ నెగటివ్ తీశాం. చక్రాలకు ఇటుకలు పెట్టాం. సీటు కింద ఇంజన్ ఉన్న బండ్లలో తల క్యాబిన్‌లోకి పెట్టి పని చేస్తాం. లీకైన గ్యాస్ బయటికి పోకుండా నిలిచేదీ అక్కడే. అందుకని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చెయ్యి చాస్తే అందేలా పెట్టుకున్నాం.

తరువాత ఇంజన్ చల్లారేదాకా ఆగాం. హెడ్ మీద అరచెయ్యి పెట్టి హాయిగా ఉంచగలిగితేనే స్పానర్ తీసుకోవాలి. వేడి మీద అల్యూమినియం మెత్తబడి ఉంటుంది, ప్లగ్గు మరలతో పాటు హెడ్ మరలూ ఊడొస్తాయి. కాలిన చేతుల సంగతి సరేసరి.

కాయిల్స్ పైకి లాగి లోపలికి టార్చి వేస్తే నాలుగు గుంతల్లోనూ ప్లగ్గుల షట్కోణం సగమే కనబడుతోంది. మిగతాదంతా గ్రానైట్ పొడి. మామూలు దుమ్మయితే ఎయిర్ గన్‌తో ఊదితే ఎగిరిపోతుంది. ఇక్కడ ఊదితే పైపొర లేచి మా కళ్లద్దాల మీద పడింది, కిందిది కదల్లేదు. పక్క సీటు మీద పెట్టిన క్యాన్ల నీళ్లు కారి, పొడి తడిసి, ఇంజన్ వేడికి గచ్చులా గట్టిపడింది. దాన్ని అలాగే ఉంచి ప్లగ్గు తిప్పితే పెచ్చులు నేరుగా సిలిండర్‌లో పడతాయి. సిలిండర్ లోపలి గోడను (లైనర్) గీరడానికి గ్రానైట్ పొడి చిటికెడు చాలు. ఆ తర్వాత ఆయిల్ తాగే ఇంజన్‌తో అతను మళ్లీ నా దగ్గరికే వస్తాడు.

పెట్రోల్ పోసి కడుగుదామని మా కుర్రాడన్నాడు. క్యాబిన్‌లో పెట్రోల్ వద్దన్నాను. చీపురుపుల్లల చివర గుడ్డముక్క చుట్టి, డీజిల్‌లో తడిపి, పిండి, పొడిని కొంచెం కొంచెంగా మెత్తబరిచాం. టూత్ బ్రష్‌తో గీరాం. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి సెలైన్ పైపు ముక్క టేపుతో చుట్టి, రాలినది రాలినట్టే పీల్చాం. ఊదితే చెత్త ఎటు పోతుందో తెలియదు, పీల్చితే తెలుస్తుంది. ఒక్కో గుంతకు ఇరవై నిమిషాలు పట్టింది. అడుగున ప్లగ్గు చుట్టూ వెండిరంగు హెడ్ కనబడ్డాకే ఆపాం. అప్పుడు కూడా ప్లగ్గు పూర్తిగా తీయలేదు. పావు చుట్టు వదులు చేసి, వాషర్ దగ్గర దాక్కున్న పొడిని ఇంకోసారి పీల్చి, ఆ తర్వాతే తీశాం.

ఒకటి, రెండు, నాలుగు సులువుగా వచ్చాయి. రవ్వ దూకే కొనలు (ఎలక్ట్రోడ్లు) అరిగి గుండ్రంగా అయ్యాయి. ఫీలర్ గేజ్ పెడితే 1.2, 1.3 మిల్లీమీటర్లు వచ్చింది. ఈ బండికి ఉండాల్సింది 0.8. మండటం సరిగానే ఉంది, నూనె తడి లేదు.

మూడోది

మూడో ప్లగ్గు పావు చుట్టు తిరిగి ఆగింది. ఆగినప్పుడు చేతికి తెలిసే తేడా ఒకటుంది. తుప్పు పట్టిన ప్లగ్గు కిర్రుమంటూ నెమ్మదిగా వదులుతుంది. ఇది గోడకు తగిలినట్టు టక్కున ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది, రుద్ది పెట్టారన్న మాట. రుద్ది పెట్టిన మనిషి ప్లగ్గును వంకరగా మొదలెట్టి, పొడవాటి రాడ్ వేసి బలం మీద బిగించేశాడన్న మాట. వంకరగా ఎక్కింది కాబట్టి వాషర్ ఒక పక్కే ఆనింది. సరిగా ఆనని ప్లగ్గు తన వేడిని హెడ్‌కు ఇవ్వలేదు. ఎలక్ట్రోడ్ అతిగా కాగి, గ్యాప్ తొందరగా పెరిగి, చివరికి కరెంటు బూటు దారి పట్టింది. మొత్తం కథ ఒక వంకర మర దగ్గర మొదలైందని అప్పటికి అర్థమైంది.

అతను పక్కనే నిలబడి ఉన్నాడు. రోజు బేరం పోతోంది. "కొట్టెయ్యన్నా, ఏమైతే అదవుద్ది" అన్నాడు. ఏమవుతుందో నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట ఇంకో బండికి ఇలాగే బలం చూపించి ప్లగ్గు నడుం విరగ్గొట్టాను. షెల్ లోపల ఉండిపోయింది. హెడ్ దించి లేత్ షాపుకు పంపితే వారం పట్టింది, ఖర్చు నేనే భరించాను. అది అతనికి చెప్పాను. నిర్ణయం అతనిదే కావాలని మూడు దారులూ వివరించాను. ఓపిక పట్టి తీద్దాం. మరలు పోతే కొత్త మర ఉన్న స్టీల్ ఇన్సర్ట్ వేయిద్దాం. విరిగితే హెడ్ దించాలి. మొదటిదానికి ఒక రోజు పోవచ్చు, మూడోదానికి వారం పోతుంది. "సరే, నీ ఇష్టమన్నా" అన్నాడు గానీ మొహంలో టెన్షన్ తగ్గలేదు.

ముందు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున అర చుట్టు వచ్చి మళ్లీ ఆగింది. స్ప్రే తుప్పుకు పని చేస్తుంది. ఇక్కడున్నది ఒకదానిలో ఒకటి కొరుక్కున్న లోహం. కాబట్టి ఇంకోసారి కొట్టి ఇంకో రాత్రి ఆగినా లాభం లేదనుకున్నాను.

రెండో ఆలోచన వేడి. చల్లారాకే విప్పాలని పైన రాసి, ఇప్పుడు వేడి అంటున్నానేమని అనిపించవచ్చు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు హెడ్‌లోని రంధ్రం ప్లగ్గు కంటే వెంట్రుకవాసి ఎక్కువ సాగుతుంది. ఆ వాసి కావాలి, మెత్తబడే వేడి వద్దు. ఇందులో ఒక ప్రమాదం ఉంది. సగం వదులైన ప్లగ్గుతో ఇంజన్ స్టార్ట్ చేస్తే అది తుపాకీ గుండులా పైకి లేవొచ్చు. సీటు కింద ఇంజన్ ఉన్న బండిలో ఆ దారిలో మన మొహమే ఉంటుంది. అందుకని మూడో ప్లగ్గును వచ్చిన దారినే ఆనేదాకా తిరిగి బిగించి, మిగతా పాత ప్లగ్గులు, కాయిల్స్ పెట్టి, బ్యాటరీ కలిపి, పెట్రోల్ మీద నాలుగు నిమిషాలు నడిపాం. చెయ్యి పెడితే వేడి తెలియాలి, చెయ్యి తీసేయాలనిపించకూడదు. ఆపి, బ్యాటరీ మళ్లీ తీశాం.

పొట్టి టీ రాడ్ మాత్రమే వాడాను. పొడుగుది చేతిలో ఉంటే బలం పెట్టాలనిపిస్తుంది. ఎడమకు అర పావు చుట్టు, కుడికి దానిలో సగం, రెండు చుక్కల నూనె. మళ్లీ ఎడమకు, మళ్లీ కుడికి. వెనక్కి తిప్పడం ఎందుకంటే, విరిగిన లోహపు తునకలు మరల మధ్య ఉంటాయి. ఒకే వైపు తిప్పితే అవి పోగై ఇరుసుకుంటాయి, ఇటూ అటూ తిప్పితే నలిగి చోటు ఇస్తాయి. టక్కున ఆగడం పోయి కిర్రుమనడం మొదలైంది. ఆ చప్పుడు విన్నాక నాకు ధైర్యం వచ్చింది. నలభై నిమిషాలకు ప్లగ్గు చేతికొచ్చింది. మరల మధ్య మెరిసే అల్యూమినియం తునకలు, పింగాణీ మీద నిలువుగా నల్లగీత. బూటులో చూసిన గీతకు సరిగ్గా జత.

మరలు

ఫోనుకు తగిలించే సన్న కెమెరా లోపలికి దించి చూశాం. పై మూడు చుట్లు నలిగాయి, కిందివి బాగున్నాయి. ఈ ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లు, పిచ్ 1.25, పొడవు 19. అంటే పదిహేను చుట్లలో పన్నెండు మంచివే. ఇన్సర్ట్ వేయాలంటే హెడ్‌లో ఉన్న మంచి మరలను కూడా కోసేయాలి. అందుకని కొత్తగా కోసే ట్యాప్ వాడకుండా, ఉన్న మరను సరిచేసే చేజర్‌తో వెళ్లాం. దాని గాడుల నిండా గ్రీజు కూరితే తునకలు దానికే అంటుకుంటాయి. రెండు చుట్లు తిప్పడం, బయటికి తీయడం, తుడవడం, మళ్లీ గ్రీజు. చివర్లో సెలైన్ పైపు లోపలికి దించి పీల్చాం. కెమెరాలో పిస్టన్ తల మీద ఏమీ కనబడలేదు.

తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ప్రెషర్‌కు నొక్కుకుంటోందో చూశాం. నాలుగు ప్లగ్గులూ బయట ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే రంధ్రాల్లోంచి ఇంధనం ఆవిరిగా ఎగజిమ్ముతుంది. ఒక్క కాయిల్ నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. ఇంజెక్టర్ల ఫ్యూజ్, కాయిల్స్ కనెక్టర్లు తీశాకే సెల్ఫ్ కొట్టాలి. కాయిల్‌ను చేత్తో పట్టుకుని రవ్వ చూపించే పాత అలవాటు ఈ రకం బండ్లలో పనికిరాదు, వేల వోల్టులు ఉంటాయి. మూడులో 155, మిగతా వాటిలో 165 నుంచి 170 పీఎస్ఐ వచ్చింది. పాత ఇంజన్‌కు ఆ తేడా ఫర్వాలేదు.

కొత్త ప్లగ్గులు

మామూలు నికెల్ ప్లగ్గులా, ఇరిడియంవా అన్నది ఇంకో ఆలోచన. మామూలుగా నేను నికెల్‌నే వేస్తాను, సరిపోతాయి. ఇక్కడ నా లెక్క మరల గురించి. సరిచేసిన మరను ఎంత తక్కువసార్లు విప్పితే అంత ఎక్కువ కాలం ఉంటుంది. ఇరిడియంవి ఎక్కువ కిలోమీటర్లు వస్తాయి, సన్నటి కొన కాబట్టి తక్కువ వోల్టేజితో రవ్వ దూకుతుంది, గ్యాస్‌కు అదీ కలిసొచ్చేదే. అదే హీట్ రేంజ్‌లో (ప్లగ్గు వేడిని వదిలే స్థాయి) ఈ ఇంజన్‌కు చెప్పిన నంబరువే తెప్పించాం. నాలుగింటికీ రెండు వేల పైచిలుకు అయింది. అందులో ఒకటి మా కుర్రాడి చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. పైకి ఏమీ కాలేదు, అయినా పక్కన పడేసి ఇంకోటి తెప్పించాను. పింగాణీలో కంటికి కనపడని పగులు వస్తే వెతికి పట్టుకోవడానికి ఇంకో పూట పోతుంది.

మరలకు గ్రీజు రాయమని అతను అడిగాడు, ఇరుక్కున్న భయంతో. రాయలేదు. కొత్త ప్లగ్గుల మరలకు పూత ఉంటుంది, గ్రీజు వద్దని తయారీదారులే చెప్తారు. జారుడు పెరిగితే రెంచ్‌లో అదే అంకె చూపించినా ప్లగ్గు మీద అంతకంటే ఎక్కువ బిగువు పడుతుంది. మెత్తటి మరకు అదే చేటు.

మొదలెట్టడానికి స్పానర్ అస్సలు తాకలేదు. జానెడు పెట్రోల్ పైపు ముక్కను ప్లగ్గు పింగాణీ కొనకు తొడిగి, గుంతలోకి దించి, వేళ్లతో తిప్పాం. వంకరగా పడితే రబ్బరు జారిపోతుంది తప్ప మరను కొరకదు. మూడోదానిలో మొదటిసారి రెండు చుట్లకే జారింది. తీసి, ఎడమకు తిప్పుతూ మర కొన టిక్కున దిగేచోటు పట్టుకుని, మళ్లీ కుడికి తిప్పితే చివరిదాకా వేళ్లతోనే వెళ్లింది. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల వాషర్ ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు అంటారు. మిగతా వాటికి 28, మూడోదానికి 25 పెట్టాను. రెంచ్ టక్కుమనేదాకా నా ఊపిరి నాకే వినబడింది. మర ఆగింది. టార్క్ రెంచ్ లేనివాళ్లకు, కొత్త వాషర్ ప్లగ్గు వేళ్లకు ఆనాక స్పానర్‌తో అర చుట్టు, మహా అయితే దానికి కొంచెం పైన. పాత ప్లగ్గునే తిరిగి వేస్తే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, అంత తిప్పకూడదు.

నాలుగు కాయిల్స్‌కూ కొత్త బూట్లు వేశాం, కాయిల్స్ పాతవే. బూటులో నల్లగీత ఉంచి కొత్త ప్లగ్గు వేస్తే కొత్త ప్లగ్గు కూడా గీత పడుతుంది.

లోడుతో, గ్యాస్ మీద, క్వారీ ర్యాంపు దాకా అతనే నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. మూడో గేరులో ఎక్కింది.

మిగిలిన పని

పొడి ఎలా చేరిందన్నది తేలకుండా బండి పంపబుద్ధి కాలేదు. సీటు కింద ఇంజన్ మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు బీడింగ్ ఒక వైపు మొత్తం లేదు. ఎప్పుడో ఊడితే ఎవరో పారేశారు. మూడో కాయిల్ సరిగ్గా ఆ సందు కిందే ఉంది. బీడింగ్‌కు అయిన డబ్బు ఒక క్యాన్ల ట్రిప్పు కిరాయి అంత కూడా లేదు. నీళ్లు పక్క సీటు మీద పెట్టొద్దని చెప్తే తలూపాడు. పెడుతూనే ఉంటాడని నాకు తెలుసు, అందుకే మూత మీద రేకు ముక్క కూడా బిగించాను.

మూడో ప్లగ్గు వదులవుతుందేమోనన్న అనుమానం నాకు పోలేదు. స్పానర్ పెట్టి చూస్తే ఆ చూడటమే చెరుపు. అందుకని ప్లగ్గు షట్కోణం మీద, పక్కనే హెడ్ మీద ఒకే వరసలో ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టి పంపాను. మూడు నెలలకు ఆయిల్ మార్చడానికి వచ్చినప్పుడు ఆ ఒక్క కాయిల్ లాగి టార్చి వేశాను. గుంత శుభ్రంగా ఉంది. చుక్కలు రెండూ ఒకే వరసలో ఉన్నాయి. కాయిల్ మళ్లీ పెట్టేశాను.